గురుడి ఇరవై రోజులు

తుంగభద్రకు పుష్కరాలు 2008లో డిసెంబరు 10న మొదలయ్యాయి. మళ్ళీ పన్నెండేళ్ళకు, 2020లో, నవంబరు 20కే వచ్చేశాయి. ఇరవై రోజులు ముందు! అలంపురంలో మునిగినవాళ్ళెవరూ దీన్ని పట్టించుకున్నట్టు లేదు. పండగలన్నాక అటూ ఇటూ జరుగుతాయి కదా అనుకుంటాం. కానీ దసరా, దీపావళి జరిగేది చంద్రుడి తిథుల వల్ల. పుష్కరానికి తిథితో పనిలేదు. బృహస్పతి మకరరాశిలో అడుగుపెడితే తుంగభద్రకు, కన్యలో అడుగుపెడితే కృష్ణకు. అంతే. మరి గురుడికెందుకంత తొందర?

తొందరేం కాదు. సూర్యుణ్ణి ఒక చుట్టు చుట్టడానికి ఆయనకసలు పన్నెండేళ్ళు పట్టదు, 11.86 ఏళ్ళే. ఈ సంగతి మన జ్యోతిషులకు కొత్తా కాదు. ఒక మహాయుగంలో, అంటే 43,20,000 ఏళ్ళలో, గురుడు 3,64,220 చుట్లు తిరుగుతాడని సూర్యసిద్ధాంతం లెక్క. భాగించి చూడండి, ఆ 11.86 వచ్చి తీరుతుంది. దుర్భిణి లేని రోజుల్లో, ఉత్త కంటితో కట్టిన లెక్క! గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల్లో పండితులకు కొదవుండేది కాదు. కవిత్వ చర్చల మధ్య ఈ అంకె కూడా అప్పుడప్పుడూ దొర్లే ఉంటుందని నా ఊహ.

అందుచేత పన్నెండేళ్ళు నిండేసరికి గురుడు నాలుగు డిగ్రీలు ముందుంటాడు. అవే మన ఇరవై రోజులు. ఇలా మిగుల్చుకుంటూ పోతే ఏడు చుట్లకు ఏకంగా ఒక ఏడాది కలిసొస్తుంది. హరిద్వారంలో జరిగింది అదే. 1938 కుంభమేళా నుంచి లెక్కపెడితే ఏడో మేళా 84 ఏళ్ళకు కాక 83కే, 2021లో, వచ్చింది. 2010 తర్వాత పదకొండేళ్ళే!

ఎన్నేళ్ళో తెలిసింది సరే, అన్నే ఎందుకు? ఈ ప్రశ్నకు 1619లో కెప్లర్ ఒక సూత్రం పట్టాడు. భూమికన్నా గురుడు సూర్యుడికి 5.2 రెట్ల దూరంలో ఉన్నాడు. ఆ 5.2ను మూడుసార్లు వేసి గుణిస్తే సుమారు 140.6. 11.86ను రెండుసార్లు వేసి గుణించినా అంతే! ఏ గ్రహానికైనా ఇదే లెక్క. లెక్కయితే కుదిరింది గానీ, కుదిర్చిందెవరో కెప్లర్‌కు అంతుపట్టలేదు. 1687లో న్యూటన్ చెప్పాడు: లాగుతున్నది సూర్యుడు. దూరం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగో వంతుకు పడిపోతుంది. చంద్రుణ్ణి భూమి పట్టి తిప్పుతున్నదీ ఈ లాగుడే. 1981లో మనవాళ్ళు చేసిన యాపిల్ ఉపగ్రహం రోజుకో చుట్టు తిరిగితే, దానికి తొమ్మిది రెట్ల దూరాన ఉన్న చంద్రుడికి 27 రోజులు పట్టడం కూడా కెప్లర్ లెక్కే.

ఇక్కడ మీకొక అనుమానం రావాలి. గురుడు అంత పెద్దవాడు కదా, పుష్కరాల్లో బీచుపల్లి దగ్గర కృష్ణ నీళ్ళను కాస్తయినా లాగడా? అదే కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసేచోట రోజుకు రెండుసార్లు పోటూ పాటూ ఉన్నాయి. అవి ముఖ్యంగా చంద్రుడి పని. నిజానికి భూమిని చంద్రుడికన్నా సూర్యుడే ఎన్నో రెట్లు గట్టిగా లాగుతాడు. కానీ పోటు లేవడానికి మొత్తం లాగుడు కాదు లెక్క. భూమికి ఈ పక్కనున్న నీటికీ ఆ పక్కనున్న నీటికీ లాగుడులో ఉండే తేడా. దూరం పెరిగేకొద్దీ ఆ తేడా ఇంకా వేగంగా తరిగిపోతుంది. అందుకే పోటు విషయంలో సూర్యుడి వాటా చంద్రుడి వాటాలో సగం కూడా లేదు. అమావాస్యకూ పున్నానికీ ఇద్దరూ కలిసి లాగుతారు గనక అప్పుడు పోటు పెద్దది. ఇక గురుడి వాటా అంటారా, చంద్రుడి దాంట్లో లక్షో వంతుకైనా రాదు. పుష్కరాల్లో నది పొంగిందంటే అది పైన పడిన వానే, గురుడు కాదు. ఆయన కదిలించేది జనాన్నే. అది మాత్రం ఏ పోటుకూ తీసిపోదు!

2016లో కృష్ణ పుష్కరాలు ఆగస్టు 12న వచ్చాయి. గద్వాల వైపు బీచుపల్లి, అవతలి ఒడ్డున వనపర్తి వైపు రంగాపురం, కొల్లాపురం దగ్గర సోమశిల, అన్నీ అప్పటికి ఒక్క మహబూబ్‌నగర్ జిల్లావే. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 11న, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలైపోయాయి. 2028లో ఎవరి ఘాట్లు వాళ్ళే చూసుకోవాలి. ఈసారి ఆగస్టు 12 దాకా గడువుందనుకోకండి, గురుడు అంతకు ముందే కన్యలోకి వచ్చేస్తాడు.