అంత సద్ది ఎవరికమ్మా?

జూన్ 12, పొద్దున ఆరున్నర. ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు వెనకాల ఒక ఇరుకు సందు. వంటింట్లోకి తొంగి చూడండి. పెద్ద బేసినులో బొరుగులు నానుతున్నాయి. కోడలు వాటిని దోసిలితో తీసి, నీళ్లు కారిపోయేదాకా పిండి, పళ్లెంలో వేస్తోంది. బాణలిలో ఎర్రగడ్డలు మగ్గాయి. పచ్చిమిరపకాయలు నిలువునా చీల్చి నూనెలో వేసింది గానీ, వేగినంక ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతోంది. పిల్లోడికి వాసన చాలు, కారం వద్దు. పసుపు, బొరుగులు, ఆఖర్న పప్పుల పొడి. ఉగ్గాని దిగింది.

గట్టు మీద కొత్త డబ్బా. నిన్న సాయంత్రం బజార్లో కొన్నది. నాలుగు వైపులా నాలుగు క్లిప్పులు, మూత మీద ఛోటా భీమ్, లోపల మూడు అరలు. ఒకదాంట్లో ఉగ్గాని, ఒకదాంట్లో పెరుగన్నం, ఇంకోదాంట్లో బిస్కెట్లు. ఇది చాలదన్నట్టు పక్కన చిన్న డబ్బాలో చిక్కీ.

గడప దగ్గర కూర్చున్న జేజి ఇంతసేపూ చూసి చూసి నోరు విప్పింది.

"అంత సద్ది ఎవరికమ్మా? వాడేమన్నా చేనికి పోతాండాడా?"

"అందరూ ఇట్లాంటిదే తెస్తారంట అత్తా. మనోడు ఒక్క గిన్నె పట్టుకుపోతే మిస్సు ఏమనుకుంటాది?"

మిస్సు ఏమీ అనుకోదు. ఎల్‌కేజీ మొదటి రోజు ఆమెకు ముక్కులు తుడవడానికే పొద్దు చాలదు. అయినా ఆ అమ్మ మాటలో నిజముంది. పిల్లల డబ్బాలో సగం పిల్లల కోసం, మిగతా సగం పక్కింటి పిల్లల అమ్మల కోసం కడుతున్నాం.

వంట దగ్గర మాత్రం ఆమెకు వంక పెట్టలేం. పెరుగన్నంలో పెరుగున్నది చెంచాడే. వేడన్నం మెత్తగా మెదిపి, ఆరబెట్టి, పాలు పోసి, ఆ చెంచాడు పెరుగు కలిపింది. మధ్యాహ్నానికి అది డబ్బాలోనే తోడుకుంటుంది. పొద్దున్నే పెరుగు పోసి కలిపితే ఈ ఎండకు పన్నెండుకల్లా పులిసిపోతుంది. జూన్ వచ్చినంత మాత్రాన కడప జిల్లాలో ఎండ ఎక్కడికి పోయింది గనక! కొబ్బరి చట్నీ పెట్టకపోవడమూ అందుకే. ఇన్ని తెలిసిన మనిషికి ఆ నాలుగు క్లిప్పుల సంగతే తట్టలేదు.

ఎనిమిదింటికి ఆటో వచ్చింది. అటూ ఇటూ బ్యాగులు వేలాడుతున్నాయి. పిల్లోడు అమ్మ కొంగు వదలడు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు.

పదండి, పెన్న వెంట ఎగువన ఉన్న జమ్మలమడుగుకు. గండికోట చూసేవాళ్లు బస్సు దిగే ఊరు. మధ్యాహ్నం పన్నెండు. ఒక ప్రైవేటు బడి, ఎల్‌కేజీ గది. చాపల మీద వరసగా కూర్చున్న పిల్లలు, వాళ్ల ముందు రంగు రంగుల డబ్బాలు. గోడ వారగా రెండు జడల పిల్ల ఉంది చూడండి. ఒక క్లిప్పు బొటనవేలితో లేపింది. రెండోది రాలేదు. డబ్బా తిప్పి పట్టుకుంది. గోరు పెట్టింది. పళ్లతో లాగింది. రెండోది వచ్చేసరికి మొదటిది మళ్లీ పడింది. ఎవరన్నా చూస్తున్నారా అని అటూ ఇటూ చూసి, డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఊరకుండిపోయింది. ఏడవదు, అడగదు. 'మూత తీయండి' అని కొత్త మనిషిని అడగడానికి నాలుగేళ్ల పిల్లకు ఎంత ధైర్యం కావాలి!

గదికంతటికీ ఆయమ్మ ఒక్కతే. ఒక్కో డబ్బా టకటకా తీసుకుంటూ వస్తోంది. ఒక బాబు డబ్బాలో వేయించిన చెనిక్కాయలు కనబడితే తీసి పక్కన పెట్టింది. మంచి పని చేసింది. అయిదేళ్ల లోపు పిల్లలకు గింజలు గింజలుగా ఇస్తే గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది. పొడి చేసి అన్నంలో కలిపితే ఆ భయం ఉండదు. ఆయమ్మ రెండు జడల పిల్ల దగ్గరికొచ్చేసరికి సగం సమయం అయిపోయింది. మూడు ముద్దలు తిందో లేదో, గంట కొట్టారు.

ఆ బడికి కాస్త దూరంలోనే అంగన్‌వాడీ. అదే వయసు పిల్లలు. పళ్లేలలో వేడన్నం, పప్పు, కోడిగుడ్డు. మూతలు లేవు, క్లిప్పులు లేవు. చెయ్యి పెడితే బువ్వ. ఈ అంగన్‌వాడీల పథకం దేశంలో 1975 అక్టోబరు 2న మొదలైంది. ఇక సర్కారు బడిలో ఒకటో తరగతి నుంచీ మధ్యాహ్న భోజనం ఉంది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని చెప్పాక, మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. ఇప్పుడది డొక్కా సీతమ్మ పేరున నడుస్తోంది. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వండుతున్నారు. అంటే, ఫీజు కట్టి ఎల్‌కేజీలో చేర్పించిన బిడ్డకే వేడన్నం లేదు. వాడి ఆకలి తీరడం తీరకపోవడం ఒక ప్లాస్టిక్ మూత చేతిలో ఉంది. ఫీజు కట్టే తండ్రులు ఈ సంగతి ఒప్పుకోరు, అది వేరే మాట.

సాయంత్రం నాలుగు, పులివెందుల. పూల అంగళ్ల దగ్గర వ్యాను దిగాడొకడు. చొక్కా గుండీ ఊడింది, ఒక సాక్సు మాయం. అమ్మ వాణ్ని ఎత్తుకోకముందే బ్యాగులోంచి డబ్బా తీసింది. ఊపి చూసింది. బరువుంది.

"ఏం నాయనా, తినలేదా?"

వాడు మాట్లాడలేదు. మూత తీస్తే పెరుగన్నం గడ్డగా తోడుకుని, పెట్టింది పెట్టినట్టే ఉంది. పక్కన తొక్క నల్లబడిన అరటిపండు. ఊరి చుట్టూ అరటి తోటలే, కాయలు లారీలకెక్కి ఎక్కడెక్కడికో పోతాయి. తొడిమ విరిచి ఇచ్చే చెయ్యి లేక ఈ ఒక్కటి మాత్రం పోయిన దారినే తిరిగొచ్చింది. పక్కనే ఉన్న వాడి అబ్బ పండు తీసుకుని కొన విరిచి చేతికిచ్చాడు. రెండు నిమిషాల్లో తొక్క మిగిలింది.

"వాడికి ఆకలి లేక కాదమ్మా, తీయను రాక" అన్నాడు అబ్బ.

ఈ యేడు బిడ్డను ఎల్‌కేజీలో వేసే తల్లిదండ్రులకు ఒకటే మనవి. డబ్బా కొనేటప్పుడు బొమ్మ చూడొద్దు, అంగట్లోనే బిడ్డ చేతికిచ్చి మూత తీయమనండి. తీయలేకపోతే అది కొనకండి. ఒకటే అర ఉన్న స్టీలు గిన్నె, వదులు మూత చాలు. బడి తెరవడానికి వారం ముందు నుంచి మధ్యాహ్నం బువ్వ ఇంట్లోనే ఆ గిన్నెలో పెట్టండి, మీరు చెయ్యి వేయకండి. పండు పెడితే కొన కొంచెం చీల్చి పెట్టండి. బువ్వ మాత్రం, జేజి అన్నట్టు, చేనికి పోయేవాళ్లకు కట్టినంత కట్టకండి.