ఆస్ట్రేలియాలో సెన్సార్ గోడలు, పక్కదారులు

మన కేంపుల్లో వీపీఎన్ అనే మాట వినని వారు ఇప్పుడు దాదాపు లేరు. ఇంటికి వీడియో కాల్ కలవకపోయినా, ఏదైనా సైటు తెరుచుకోకపోయినా పక్క మంచం మిత్రుడు ఇచ్చే మొదటి సలహా అదే. "ఆ యాప్ వేసుకో, అన్నీ వస్తాయి" అంటాడు. ఆ సలహా విన్నప్పుడు మనం అడగని ప్రశ్నలు రెండు ఉన్నాయి. ఆ యాప్ నడిపేది ఎవరు? పట్టుబడితే శిక్ష ఎవరికి? ఈ రెండు ప్రశ్నలూ అర్థం కావాలంటే ఆస్ట్రేలియా చరిత్ర ఒకసారి చూడాలి. సెన్సార్ అంటే గల్ఫ్, చైనా మాత్రమే అనుకుంటాం. స్వేచ్ఛకు పేరుపొందిన ఆస్ట్రేలియాలో కూడా నూరేళ్లకు పైగా ఇదే పేచీ నడిచిందంటే ఆశ్చర్యం కలుగుతుంది.

రేవులోనే కాపలా

1901లో ఆరు కాలనీలు కలిసి ఆస్ట్రేలియా ఒక దేశమయింది. ఆ ఏడే వచ్చిన కస్టమ్స్ చట్టం, అసభ్యమని గాని దైవదూషణ అని గాని తోచిన పుస్తకాలను ఓడరేవులోనే ఆపే అధికారం ఇచ్చింది. అదే ఏడు వచ్చిన ఇంకో చట్టం మనబోటి మనుషులను కూడా రేవులోనే ఆపింది. ఓడ దిగిన వాడికి ఏదో ఒక యూరప్ భాషలో యాభై మాటలు చదివి వినిపించి రాయమనేవారు. రాయలేకపోతే దేశంలోకి రానిచ్చేవారు కాదు. ఆ డిక్టేషన్ పరీక్షను 1958లో గాని తీసేయలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక సెన్సార్ పత్రికల మీద కూడా పడింది. ప్రధాని బిల్లీ హ్యూస్ యువకులను నిర్బంధంగా యుద్ధానికి పంపాలనుకున్నాడు. 1916లో ప్రజల ఓటు అడిగితే వారు కాదన్నారు. 1917 డిసెంబర్‌లో మళ్లీ ఓటు పెట్టాడు. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ముఖ్యమంత్రిని ప్రీమియర్ అంటారు. అప్పటి ప్రీమియర్ టి.జె. ర్యాన్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఆయన ప్రసంగాన్ని పత్రికల్లో అచ్చు కాకుండా సెన్సార్ అధికారి కత్తిరించాడు.

ర్యాన్ ఒక ఉపాయం ఆలోచించాడు. శాసనసభలో చెప్పిన మాటలన్నీ హన్సార్డ్ అనే సభా రికార్డులో అచ్చవుతాయి. కాబట్టి కత్తిరించిన భాగాలనే సభలో చదివి వినిపించారు. ఇది తెలిసి హ్యూస్ నవంబర్ 26 రాత్రి బ్రిస్బేన్‌లోని రాష్ట్ర ప్రభుత్వ ముద్రణాలయం మీదికి సైనికులను పంపాడు. హన్సార్డ్ ప్రతులను స్వాధీనం చేసుకున్నారు. ఒక రాష్ట్ర శాసనసభ కాగితాలను కేంద్ర ప్రభుత్వమే ఎత్తుకుపోయిందన్నమాట. కాని ఆ సంగతి దాగలేదు. డిసెంబర్ 20న ప్రజలు మళ్లీ నిర్బంధ సైనిక సేవను తిరస్కరించారు.

ఆ యుద్ధంలోనే ఫ్రాన్స్‌లో పోరాడిన మన భారత సిపాయిల ఉత్తరాలను కూడా సెన్సార్ వారు చదివేవారు. మనవాళ్లు మారుమాటలు వాడారు. నల్ల మిరియాలు అంటే భారత సైనికులు, ఎర్ర మిరియాలు అంటే తెల్ల సైనికులు. అయితే ఒక్క సంగతి గమనించాలి. ఆ మారుమాటల అర్థం సెన్సార్ అధికారులు పట్టేశారు. అందుకే ఈ కథ మన దాకా వచ్చింది. ఎవరికీ తెలియదనుకుని రాసిన మాటను కూడా మధ్యలో ఒకడు చదువుతూనే ఉన్నాడు.

ఉత్తరాల్లో దాటివచ్చిన పుస్తకం

మన తెలుగునాట ఉన్నవ లక్ష్మీనారాయణ గారి మాలపల్లి నవలను నిషేధించింది పరాయి ప్రభుత్వం. ఆస్ట్రేలియాలో నిషేధించింది సొంత ప్రభుత్వమే. 1944 ఏప్రిల్‌లో సిడ్నీ పత్రికలు సెన్సార్ కోసేసిన చోట ఖాళీ జాగాలు వదిలి అచ్చు వేస్తే, ఆ ప్రతులను పట్టుకుపోయారు. పత్రికల వారు హైకోర్టుకు వెళ్లారు. అక్కడ హైకోర్టే దేశానికి అత్యున్నత న్యాయస్థానం. చివరికి ప్రభుత్వం రాజీకి వచ్చి సెన్సార్ నియమాలను సడలించింది.

ఇంగ్లీషు రచయిత డి.హెచ్. లారెన్స్ రాసిన లేడీ చాటర్లీస్ లవర్ నవల మీద కూడా ఆస్ట్రేలియాలో నిషేధం ఉండేది. 1960లో లండన్ కోర్టు ఆ నవల తప్పు కాదని తీర్పు చెప్పింది. ఆ కేసు విచారణ గురించి వచ్చిన పుస్తకాన్ని కూడా ఆస్ట్రేలియాలోకి రానివ్వలేదు. అప్పుడు సిడ్నీలో కొందరు ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఇంగ్లండ్‌లోని మిత్రులు ఆ పుస్తకాన్ని భాగాలు చేసి మామూలు ఉత్తరాల్లా పోస్టులో పంపారు. ఇక్కడ వాటిని వరుసగా పేర్చి 1965లో అచ్చు వేశారు. రేవులో పెట్టెలు వెతికే అధికారికి ఏమీ దొరకలేదు. ఆ ఏడే చాటర్లీ నవల మీద నిషేధం తొలగించారు. 1970లో పెంగ్విన్ సంస్థ ఇంకో నిషిద్ధ నవలను దేశంలోనే రహస్యంగా 75,000 ప్రతులు అచ్చు వేసి అమ్మింది. కోర్టుల్లో కేసులు నడిచాయి. మరుసటి ఏడు ఆ నిషేధం కూడా పోయింది.

తీగల్లోకి వచ్చిన గోడ

2000 జనవరి 1 నుంచి అమలైన చట్టంతో ఇంటర్నెట్ మీద కూడా నియంత్రణ మొదలయింది. 2007 చివర వచ్చిన లేబర్ ప్రభుత్వం ఇంకా ముందుకు వెళ్లి, దేశంలోని ఇంటర్నెట్ కంపెనీలన్నీ నిషిద్ధ జాబితాలోని సైట్లను తప్పనిసరిగా ఆపాలంది. పిల్లల మీద అత్యాచారాల బొమ్మలను అడ్డుకోవడమే ఉద్దేశమని చెప్పింది. ఆ ఉద్దేశాన్ని ఎవరూ కాదనలేదు. చిక్కు ఎక్కడంటే జాబితా రహస్యం. 2009 మార్చిలో వికీలీక్స్ ఒక జాబితా బయటపెట్టింది. అందులో క్వీన్స్‌లాండ్‌లోని ఒక పళ్ల డాక్టరు సైటు కూడా ఉంది. దేశమంతా గొడవ లేచింది. 2012 నవంబర్‌లో ప్రభుత్వం ఆ ఆలోచన మానుకుంది.

2013లో మరో తమాషా జరిగింది. కంపెనీలను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఒకటి, జనాన్ని మోసం చేస్తున్న ఒక సైటును ఆపమని దాని నంబరు చిరునామా ఇచ్చింది. ఒకే నంబరు మీద ఎన్నో సైట్లు ఉంటాయని చూసుకోలేదు. దాదాపు 1,200 అమాయక సైట్లు మూతపడ్డాయి. ఒక గదిలో దొంగ ఉన్నాడని కేంపు గేటుకే తాళం వేసినట్టయింది.

2015లో ఇంకో చట్టం వచ్చింది. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎక్కడి నుంచి ఫోన్ చేశారో టెలిఫోన్ కంపెనీలు రెండేళ్లు దాచి ఉంచాలి. దాంతో చాలామంది వీపీఎన్ వైపు తిరిగారు. కంపెనీలకు ఇచ్చిన గడువు ముగిసిన 2017 ఏప్రిల్ 13న, అందరూ వీపీఎన్ పెట్టుకోవాలంటూ హక్కుల సంఘం వారు ప్రచారం చేశారు. అక్కడ అది చట్టవిరుద్ధం కాదు.

వీపీఎన్ చేసే పని 1965 నాటి ఉత్తరాల పనే. మన ఫోన్ నుంచి వేరే దేశంలోని ఒక కంప్యూటర్ దాకా మూసిన కవరులో సమాచారం వెళుతుంది. స్థానిక ఇంటర్నెట్ కంపెనీకి కవరు కనబడుతుంది, లోపలిది కనబడదు. కాని కవరు విప్పి ముందుకు పంపేవాడు ఒకడు ఉంటాడు. అతడే వీపీఎన్ యజమాని. సిడ్నీ వారికి కవరు విప్పేవాడు మిత్రుడు. మనకు అతడి మొహం కూడా తెలియదు.

ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ఓ శాస్త్రజ్ఞులు ఇతర విశ్వవిద్యాలయాల వారితో కలిసి 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లను పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. 38 శాతం యాప్‌లలో హానికరమైన ప్రోగ్రాముల జాడ ఉంది. 18 శాతం యాప్‌లు సమాచారాన్ని అసలు రహస్య లిపిలోకి మార్చడమే లేదు. అంటే కవరు అంటించనే లేదు. ఉచితంగా దొరికిన యాప్ వేసుకుని అదే ఫోన్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే మనం ఈ అంకెలు గుర్తు పెట్టుకోవాలి.

దేశం మారితే చట్టం మారుతుంది

2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లే విలేఖరులకు ఇంటర్నెట్ స్వేచ్ఛగా ఉంటుందని ఒలింపిక్ కమిటీ తరఫున హామీ ఇచ్చింది ఆస్ట్రేలియా పెద్దమనిషి కెవన్ గోస్పర్. తీరా వెళ్లాక ప్రెస్ సెంటర్‌లోనే అనేక సైట్లు తెరుచుకోలేదు. అంతటి వాడి హామీ కూడా సరిహద్దు దాటాక చెల్లలేదు. గోల చేశాక కొన్ని సైట్లు తెరిచారు.

శిక్ష ఎవరికి అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదు. చట్టం పాటించకపోతే కంపెనీకి 4 కోట్ల 95 లక్షల డాలర్ల దాకా జరిమానా. పిల్లవాడికి గాని తల్లిదండ్రులకు గాని శిక్ష లేదు. యూఏఈ సంగతి వేరు. 2021 నాటి 34వ నంబరు ఫెడరల్ చట్టం ప్రకారం, నేరం చేయడానికి గాని నేరం బయటపడకుండా ఉండడానికి గాని ఇంటర్నెట్ చిరునామా మార్చి చూపితే జైలు గాని, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. అక్కడ భారం వాడినవాడి మీదే.

మిత్రులారా, ర్యాన్ వెనుక ఒక రాష్ట్రం ఉంది. పెంగ్విన్ వెనుక వకీళ్లు ఉన్నారు. వారు పట్టుబడటానికి సిద్ధపడే నిషేధాన్ని ఎదిరించారు. కొన్నిసార్లు ఓడి, కొన్నిసార్లు గెలిచి చట్టాన్నే మార్చుకున్నారు. మన వెనుక ఉన్నది ఒక వీసా, ఊళ్లో ఒక అప్పు. కాబట్టి మనం ఏ దేశంలో ఉన్నామో ఆ దేశంలో అనుమతి ఉన్న కాలింగ్ యాప్‌లు ఏవో ముందు కనుక్కోవాలి. వేరే దేశం నుంచి వచ్చినవాడు "మా దగ్గర తప్పు కాదు" అంటే, అది అతడి దేశం సంగతి అని గ్రహించాలి. ఊరూ పేరూ లేని ఉచిత యాప్‌ను ఫోన్‌లో పెట్టుకోకూడదు. ఇంటివారి గొంతు వినాలనుకోవడం మన హక్కే. ఆ హక్కును చట్టబద్ధంగా, చవకగా ఇమ్మని కంపెనీనీ, ఎంబసీనీ నలుగురం కలిసి అడగడం ఒక్కడు దొంగచాటుగా ఫోన్ చేసుకోవడం కంటే మేలు. ఆస్ట్రేలియాలో గోడలు తగ్గిందీ నలుగురూ బహిరంగంగా అడిగిన తరువాతే.