పటం ఎవరిది? సిద్దిపేట జిల్లా ఆశ్రిత కులాల ఆధారంగా సంస్కృతి భావనపై పునరాలోచన

తెలంగాణ సంస్కృతి మీద ఏ సిద్ధాంత గ్రంథం తెరిచినా మొదటి అధ్యాయంలో మానవశాస్త్రజ్ఞుడు టైలర్ ఎదురవుతాడు. 1871లో ఆయన చేసిన నిర్వచనం, 1952లో క్రోబర్, క్లక్‌హోన్ పోగుచేసిన 164 నిర్వచనాల ప్రస్తావన అయిపోగానే బతుకమ్మ, బోనాలు, ఒగ్గుకథ, చేర్యాల పటం వరసగా వచ్చేస్తాయి. మొదటి అధ్యాయానికీ తక్కినవాటికీ పొత్తు ఉండదు. మధ్యలో ఆ ఖాళీని పూడ్చేది ఎం.ఎన్. శ్రీనివాస్ 'సంస్కృతీకరణ'. అదే 1952లో కూర్గుల మీద వచ్చిన ఆయన పుస్తకం మనవాళ్లకు ఎంత అలవాటైందంటే, కింది కులం పురాణం చెప్పుకుంటే చాలు, పైకులాన్ని అనుకరిస్తోందని రాసేస్తున్నారు. నా పేచీ ఇక్కడే.

చేర్యాల పటం సంగతే చూడండి. గీసేది నకాషీలు. చేయించుకునేది కథ చెప్పే ఆశ్రిత కులం. కథేమో పోషక కులానిది. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెబుతారు, గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివాళ్లు. చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించిన గుడ్డ మీద ఎర్రటి నేలలో, వరస తర్వాత వరసగా దిగే ఆ బొమ్మలు పోషక కులం పుట్టుకను చెబుతాయి. అయినా పటం ఆ కులం ఇంట్లో ఉండదు. ఏ ఊళ్లో ఏ కుటుంబం పటం విప్పాలన్నది మిరాశి, అంటే వంశపారంపర్య హక్కు. ఆ ఊళ్లను అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టే పంచుకుంటారు. పాతబడి చిరిగిన పటాన్ని పారేయరు, మనిషికి చేసినట్టే కర్మ జరిపి నీళ్లలో కలుపుతారు.

మరి ఈ సంస్కృతి ఎవరిది? గీసినవాడికి కథ మీద హక్కు లేదు. కథ ఎవరిదో వాళ్లకు దాన్ని చెప్పే హక్కు లేదు. చెప్పేవాడికి ఆ కులంలో స్థానం లేదు. సమాజ సభ్యుడిగా మనిషి ఆర్జించుకున్నదే సంస్కృతి అన్న టైలర్ మాట ఈ మూడు ముక్కల పంపకం దగ్గర ఆగిపోతుంది.

శ్రీనివాస్ మాట ఇంకా ముందే ఆగిపోతుంది. డక్కలివాళ్లు చెప్పే జాంబపురాణంలో జాంబవంతుడు సృష్టికి ముందే ఉన్నవాడు, దేవతలకే పెద్ద. మాదిగలు ఇక్కడ ఎవరిని అనుకరిస్తున్నట్టు? పై మెట్టు ఎక్కాలనే తాపత్రయం ఈ కథలో లేదు. నిచ్చెన కట్టకముందు నుంచీ మేమున్నామనే దావా ఉంది. పురాణమనే రూపం బ్రాహ్మణులదేనన్న ఊహను పక్కన పెడితే తప్ప ఈ తేడా కంటపడదు.

కొమురవెల్లి సంగతి దీనికి తోడు. హైదరాబాద్ నుంచి వచ్చే దారిలో శామీర్‌పేటను సమాజశాస్త్రజ్ఞుడు దూబే పుస్తకం 1955లో ప్రపంచానికి పరిచయం చేసింది. అదే దారిలో ఇంకాస్త ముందుకొస్తే కొమురవెల్లి మల్లన్న గుడి. (ఆ కాస్త దూరమూ మన సమాజశాస్త్రం ఇప్పటికీ సరిగ్గా నడవలేదు.) గర్భగుడిలో పూజ వీరశైవులది. బయట పంచరంగుల ముగ్గుతో పట్నం వేసి, ఒగ్గు వాయించి, పెళ్లి కథ చెప్పేది ఒగ్గు పూజారులు. స్వామికి ఒక పక్క బలిజ మేడలమ్మ, మరో పక్క గొల్ల కేతమ్మ. గొల్ల కురుమల దేవుణ్ణి మల్లికార్జునుణ్ణి చేసి సంస్కృతీకరించారని చెప్పడం తేలిక. కానీ వీరశైవం బ్రాహ్మణాధిక్యాన్ని ఎదిరించి పుట్టిన మతం. పైగా సంక్రాంతి తర్వాతి ఆదివారం మొదలు ఉగాది దాకా సాగే జాతరలో పట్నం వేయించకుండా మొక్కు తీరిందనుకునే భక్తులు ఎందరుంటారు? ఇద్దరు భార్యలు, రెండు పూజలు, రెండు వాటాలు. ఒకటి రెండోదాన్ని మింగలేదు.

శ్రీనివాస్ తర్వాతి రచనల్లో క్షత్రియ, వైశ్య నమూనాలను కూడా ఒప్పుకున్న మాట నిజమే గాని, నిచ్చెనను మాత్రం తీయలేదు. ఇక బతుకమ్మకు మిరాశి ఎక్కడుందని అడగొచ్చు. అది ఆడవాళ్ల ఆట, ఇక్కడి చర్చ కుల వృత్తుల గురించి.

కాబట్టి సిద్దిపేట నేల మీద ఈ కుల వృత్తుల సంస్కృతి అంటే విలువల మూట కాదు, జీవన విధానమూ కాదు. ఎవరు ఏ కథను ఎవరి ముందు చెప్పవచ్చునన్న హక్కుల పంపకం.  ఇక్కడి కుల సమాజపు సంస్కృతికి ఇంతకన్నా సరైన నిర్వచనం లేదు.

ఇప్పుడు చేర్యాల పటానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ముఖతొడుగులు, గోడకు తగిలించే చిన్న చట్రాలు నగరాల్లో అమ్ముడవుతున్నాయి. నకాషీలకు అది కూడు పెడుతోంది, సంతోషం. ఆ గుర్తింపు మాత్రం పటం విప్పి కథ చెప్పినవాడిది కాదు. విశ్వవిద్యాలయ తెలుగు, జానపద శాఖలకు నా విన్నపం ఒకటే. కథల పాఠాలు చాలానే రికార్డు చేశారు, ఇకనైనా కూనపులి, కాకిపడగల, డక్కలి కుటుంబాల దగ్గరున్న ఊళ్ల పంపకాల వివరాలు, చెప్పే పెద్దలు ఉండగానే, కుటుంబాల వారీగా రాసి పెట్టండి.