అద్దం ముందు నిలబడ్డ గొంతు

నా గొంతు మొదటిసారి పూర్తిగా పోయింది 1991 శివరాత్రి తిరునాళ్ళలో, రాయబారం సీను నడుమ. నాది కృష్ణుడి వేషం. మూడు పద్యాలు గట్టెక్కాయి. నాలుగో పద్యం ఎత్తుకుని రాగం తీయబోతే గాలి వచ్చింది గానీ నాదం రాలేదు. హార్మోనిస్టు సంగతి కనిపెట్టి, మిగిలిన రెండు పాదాలూ మెట్ల మీదే పలికించి నన్ను ఒడ్డున పడేశాడు. మర్నాడు బడిలో ఎనిమిదో తరగతికి పాఠం చెప్పలేక, బోర్డు మీద రాసి పిల్లలచేత చదివించాను. తెలుగు మాష్టారికి గొంతు పోవడమంటే కమ్మరికి కొలిమి ఆరిపోవడమే.

మిరియాల కషాయం తాగాను. కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాను. అతిమధురం నమిలాను. డాక్టరుగారు రెండు వారాలు నోరు మెదపొద్దన్నారు. కాగితం మీద రాసి చూపిస్తూ ఆ రెండు వారాలూ గడిపాను. గొంతు తిరిగొచ్చింది. పది రోజులు పాఠాలు చెప్పేసరికి మళ్ళీ బొంగురుపోయింది. మా నాటక సమాజంలో పెద్దాయన నా భుజం తట్టి, "దేవుడిచ్చిన గొంతు ఇంతే అనుకోండి మాష్టారూ, దుర్యోధనుడి పక్కన చిన్న వేషం ఏదైనా చూద్దాం" అన్నారు. ఆ మాట అన్నది ప్రేమతోనే. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాలుగేళ్ళ తర్వాత హైదరాబాదులో మా తోడల్లుడి ఇంటికి వెళ్ళినప్పుడు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో ఒక సన్నని ఇంగ్లీషు పుస్తకం దొరికింది. పేరు "ది యూజ్ ఆఫ్ ది సెల్ఫ్". రాసింది ఫ్రెడరిక్ మథియాస్ అలెగ్జాండర్. అచ్చయింది 1932లో. పదిహేను రూపాయలిచ్చి కొన్నాను. మొదటి అధ్యాయం తిరుగు రైల్లోనే చదివాను. నాకు జరిగింది వందేళ్ళ కిందట, సముద్రాల అవతల, మరొక మనిషికి అచ్చం అలాగే జరిగింది.

అలెగ్జాండర్ 1869 జనవరి 20న ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మానియా దీవిలో పుట్టాడు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. చిన్నప్పటినుంచీ ఊపిరి జబ్బులు. బడిలో కుదురుగా సాగని చదువును ఒక మంచి ఉపాధ్యాయుడు విడిగా చెప్పి గట్టెక్కించాడు. షేక్స్‌పియర్ మీద ప్రేమ ఆ చదువుతోనే పట్టుకుంది. కొన్నాళ్ళు తగరం గనుల కంపెనీలో గుమాస్తాగిరీ చేసి, ఇరవై ఏళ్ళ వయసులో మెల్‌బోర్న్ చేరి, రెసైటర్ అయ్యాడు. రెసైటర్ అంటే ఒక్కడే వేదిక మీద నిలబడి నాటకాల ఘట్టాలు, పద్యాలు అప్పజెప్పి జనాన్ని కూర్చోబెట్టేవాడు. మైకులు లేని కాలం. ఆఖరి వరస దాకా మాట వినపడాలి. మన హరిదాసులకూ పద్యనటులకూ ఆ కష్టం కొత్త కాదు.

పేరు వస్తున్న రోజుల్లోనే గొంతు మొరాయించింది. గాలి పీల్చేటప్పుడు ఎగపీల్పు చప్పుడు వినిపిస్తోందని స్నేహితులు చెప్పారు. డాక్టర్లు మందులిచ్చారు. ఒక ముఖ్యమైన ప్రదర్శనకు ముందు రెండు వారాలు గొంతుకు విశ్రాంతినిమ్మన్నారు. ఇచ్చాడు. ఆ రాత్రి మొదట గొంతు ఖంగుమంది. సగానికి వచ్చేసరికి బొంగురుపోయింది. చివరికి మాట పెగల్లేదు. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళి అలెగ్జాండర్ అడిగిన ప్రశ్న దగ్గరే నేను పుస్తకం మూసి, చాలాసేపు రైలు కిటికీలోంచి చీకట్లోకి చూస్తూ కూర్చున్నాను. ప్రదర్శనకు ముందు గొంతు బాగుంది, ప్రదర్శన చేస్తుండగా చెడింది. అలాంటప్పుడు నేను గొంతును వాడే తీరులోనే ఏదో తప్పు చేస్తూ ఉండాలి కదా అన్నది ఆయన ప్రశ్న సారాంశం. నిజమేనని డాక్టరు ఒప్పుకున్నాడు. ఆ తప్పు ఏమిటో మాత్రం చెప్పలేకపోయాడు. అయితే నేనే వెతుక్కుంటానని అలెగ్జాండర్ ఇంటికి వెళ్ళి అద్దం ముందు నిలబడ్డాడు.

మొదట మామూలుగా మాట్లాడి చూసుకున్నాడు. ఏమీ కనబడలేదు. తర్వాత వేదిక మీద చెప్పినట్టు చెప్పి చూసుకున్నాడు. మూడు సంగతులు బయటపడ్డాయి. పద్యం మొదలుపెట్టగానే తల వెనక్కి వాలుతోంది. గొంతుముడి కిందికి అణిగిపోతోంది. నోటితో గాలి ఎగపీలుస్తున్నాడు. ఇంకొంచెం శ్రద్ధగా చూస్తే, మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా ఆ మూడూ ఉన్నాయి, కాకపోతే పైకి తెలియనంత కొద్దిగా. ఈ మూడింటిలో తలను వెనక్కి లాగడం మానితే మిగిలిన రెండూ వాటంతటవే తగ్గుతున్నాయని తేల్చుకోవడానికి నెలలు పట్టింది.

ఇంటికి రాగానే నేను మా ఇనప బీరువా అద్దం ముందు నిలబడి, రాయబారం పద్యం ఎత్తుకున్నాను. గడ్డం చూరుకేసి లేచింది. మెడ నరాలు తాళ్ళలా పొంగాయి. కాలివేళ్ళు చాపను పట్టుకున్నాయి. పాతికేళ్ళుగా పద్యాలు పాడుతున్న నన్ను నేను ఆ రోజు మొదటిసారి చూశాను.

అలెగ్జాండర్ కనిపెట్టిన రెండో సంగతి ఇంకా లోతైనది. తల వెనక్కి పోతోందని తెలిసింది కాబట్టి ముందుకు పెట్టి మాట్లాడాడు. సరిచేసుకున్నాననే అనుకున్నాడు. అనుమానం వచ్చి, మరో రెండు అద్దాలు తెచ్చి చెరోపక్కా పెట్టుకుని చూస్తే, తల వెనక్కే పోతోంది. తను చేస్తున్నాననుకున్నది వేరు, ఒళ్ళు చేస్తున్నది వేరు. ఏళ్ళ తరబడి వంకరగా నిలబడ్డవాడికి వంకరే తిన్నగా అనిపిస్తుంది. తిన్నగా నిలబెడితే పడిపోతున్నానంటాడు. ఒంటికి ఏది బాగుందనిపిస్తే అది మంచిదనే నమ్మకం, ఆ మూడు అద్దాల మధ్య ఆయనకు చెదిరిపోయింది.

అక్కడినుంచి ఆయన చేసినదే అసలు సాధన. అది కండరాలతో చేసేది కాదు, మనసుతో చేసేది. మాట్లాడాలన్న తలపు రాగానే పాత అలవాటు లేచి వస్తుంది. కాబట్టి ఆ తలపుకు వెంటనే లొంగకూడదు. ముందు ఆగాలి. దాన్ని ఆయన ఇన్‌హిబిషన్ అన్నాడు. మనస్తత్వ శాస్త్రంలో ఆ మాటకు వేరే అర్థం ఉన్నా, ఆయన వాడిన తీరు మన "నిగ్రహం"కు దగ్గర. నా నోటుబుక్కులో నేను "ఆగుడు" అని రాసుకున్నాను. ఆగిన తర్వాత, మెడ వదులుగా ఉండనీ, తల ముందుకూ పైకీ పోనీ, వీపు పొడుగ్గా వెడల్పుగా విచ్చుకోనీ అని మనసులో చెప్పుకోవాలి. ఏదీ బలవంతాన చేయకూడదు. అలా చెప్పుకుంటూనే ఆఖరి క్షణంలో మళ్ళీ ఎంచుకోవాలి: మాట్లాడనా, ఊరుకోనా, లేక చెయ్యి ఎత్తనా? ఏదైనా చేయవచ్చు, పాత దారిన మాత్రం పోకూడదు. మాట్లాడకుండా చెయ్యి ఎత్తి ఊరుకున్న రోజులు ఎన్నో గడిపాడు. ఇలా కొన్నేళ్ళు సాధన చేశాక గొంతు బాగుపడింది. పుట్టినప్పటినుంచీ వెంటాడిన ఊపిరి బాధా తగ్గింది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మనవాళ్ళంటారు. ఆ సామెతను ఎందరు పిల్లల మీద వాడానో లెక్కలేదు. ఈ అధ్యాయం చదివాక మళ్ళీ వాడలేదు.

తర్వాతి కథ త్వరగా చెబుతాను. మెల్‌బోర్న్, సిడ్నీల్లో నటులకూ గాయకులకూ నేర్పి, 1904లో లండన్ చేరాడు. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, నడవడం వంటి రోజూ చేసే పనులే ఆయన పాఠాలు. మెడ మీద, వీపు మీద చెయ్యి ఆనించి దారి చూపేవాడు. 1916లో అమెరికాలో తత్వవేత్త జాన్ డ్యూయీ ఆయన దగ్గర చేరాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో అంబేద్కర్‌కు పాఠం చెప్పిన డ్యూయీయే ఈయన. అలెగ్జాండర్ పుస్తకాలు మూడింటికి ముందుమాట రాశాడు. నాటకకర్త బెర్నార్డ్ షా ఎనభై ఏళ్ళ వయసులో పాఠాలు తీసుకున్నాడు. ఆల్డస్ హక్స్‌లీ 1935లో చేరి, మరుసటేడు వచ్చిన నవలలో అలెగ్జాండర్ పోలికలున్న పాత్రను పెట్టాడు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తికి తర్వాత ఆప్తమిత్రుడై, ఆయన పుస్తకానికి ముందుమాట రాసింది కూడా ఈ హక్స్‌లీయే. మనసును బలవంతంగా తిప్పకుండా ముందు ఉన్నదున్నట్టు చూడమన్న కృష్ణమూర్తి మాటలు చదివినప్పుడల్లా నాకు ఆ మూడు అద్దాలు గుర్తుకొస్తాయి. హక్స్‌లీకీ గుర్తొచ్చే ఉంటాయని నా నమ్మకం.

అలెగ్జాండర్ ఋషి కాడు. మొదటి పుస్తకంలో, తెల్లవాళ్ళు కాని జాతులను ఎదగని మనుషులుగా చూసి రాసిన మాటలున్నాయి. అవి చదివినప్పుడు నా మనసు నొచ్చుకుంది. చెరువునుంచి చుట్టకుదురు మీద రెండు బిందెలు పెట్టుకుని, చెయ్యి ఆనించకుండా, గట్టు మీద కబుర్లు చెప్పుకుంటూ నడిచొచ్చే మా ఊరి ఆడవాళ్ళను ఆయన ఒక్కసారి చూసి ఉంటే ఆ మాటలు రాసేవాడు కాదు. వదులైన మెడ, పైకి సాగిన తల, విచ్చుకున్న వీపు వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. తన పద్ధతికి ఉన్న శక్తిని కూడా ఆయన కొన్నిచోట్ల మితిమీరి చెప్పాడు.

దెబ్బలూ తిన్నాడు. 1944లో దక్షిణాఫ్రికాలో ఒక ప్రభుత్వ పత్రిక ఆయన పద్ధతిని నాటు వైద్యమని ఎద్దేవా చేస్తూ వ్యాసం వేసింది. పరువునష్టం దావా వేశాడు. ఆ దావా నడుస్తుండగానే, 1947 చివర, డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. తను నేర్పిన సాధననే తన మీద ప్రయోగించుకుని కోలుకుని, మళ్ళీ పాఠాలు చెప్పాడు. 1948లో జొహనెస్‌బర్గ్ కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చి వెయ్యి పౌండ్ల పరిహారం ఇప్పించింది. 1955 అక్టోబరులో పోయేదాకా ఆ చేతులు పని చేస్తూనే ఉన్నాయి.

1973లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న నికొలాస్ టిన్‌బెర్గెన్, తన నోబెల్ ఉపన్యాసంలో పెద్ద భాగం అలెగ్జాండర్ గురించే మాట్లాడాడు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక పెద్ద పరీక్ష ఫలితాలను అచ్చువేసింది. ఏళ్ళుగా నడుము నొప్పితో బాధపడుతున్న 579 మందిని తీసుకుని ఏడాది తర్వాత చూశారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళు నాలుగు వారాల్లో 21 రోజులు నొప్పి పడుతుంటే, అలెగ్జాండర్ పద్ధతిలో ఇరవైనాలుగు పాఠాలు తీసుకున్నవాళ్ళు 3 రోజులే పడ్డారు. నడుము నొప్పికి దొరికినంత గట్టి రుజువు మిగతా జబ్బులన్నిటికీ లేదు. ఆ తేడా మరిచిపోకూడదు. లండన్, న్యూయార్క్‌లలోని పేరున్న నాటక విద్యాలయాల్లో మాత్రం ఈ విద్య ఇప్పటికీ పాఠ్యాంశమే.

ఈ విద్యకు గురువు చెయ్యి కావాలి, పుస్తకం చాలదని నేర్పేవాళ్ళు అంటారు. నాకు గురువు దొరకలేదు. దొరికింది బీరువా అద్దం, ఒక నోటుబుక్కు. రోజూ తెల్లవారుజామున పావుగంట నిలబడేవాణ్ణి. పద్యం ఎత్తుకోవాలనిపించేది, ఆగేవాణ్ణి. మెడ వదలమని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. చాలా రోజులు పద్యం ఎత్తుకోకుండానే అద్దం ముందునుంచి వచ్చేసేవాణ్ణి. ఏడాది దాటాక తరగతిలో తేడా తెలిసింది: సాయంత్రం నాలుగింటికి కూడా నా మాట ఆఖరి బెంచీకి చేరుతోంది. పిల్లలు అల్లరి చేస్తే అరవబోయి, ఆగి, ఊరుకుంటే వాళ్ళే సర్దుకునేవాళ్ళు. 2001లో మళ్ళీ కృష్ణుడి వేషం కట్టాను. పద్యాలన్నీ పాడాను. రాగం పూర్వమంత పొడుగ్గా తీయలేదు, కానీ చివరి పద్యం దాకా గొంతు నాతోనే ఉంది. 2012లో రిటైరైన రోజున కూడా ఆఖరి పీరియడ్ పాఠం చెప్పే బయటికొచ్చాను.

మా బి.ఎడ్‌లో పాఠ్యప్రణాళిక రాయడం నేర్పారు, బోర్డు మీద గుండ్రంగా రాయడం నేర్పారు, బోధనోపకరణాలు తయారుచేయడం నేర్పారు. రోజుకు ఆరు పీరియడ్లు, ముప్పై ఏళ్ళు మాట్లాడబోయే మనిషికి ఎలా నిలబడాలో, ఎలా ఊపిరి తీయాలో, ఎప్పుడు ఆగాలో ఎవ్వరూ ఒక్క గంట కూడా చెప్పలేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల ఉపాధ్యాయ శిక్షణ సంస్థలకు ఈ ముసలి మాష్టారి విన్నపం ఒక్కటే: శిక్షణలో గొంతుకు కొన్ని గంటలు కేటాయించండి, శిక్షణ గదిలో ఒక నిలువుటద్దం పెట్టించండి. కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఇంకో మాట. బొంగురు మూడు వారాలు దాటితే కషాయాలతో కాలం గడపకుండా చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించుకోండి. ఆయన జబ్బేమీ లేదంటే, ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, నోరు తెరవబోయే ముందు ఒక్క క్షణం ఆగండి.