టెట్రాకోసాక్టైడ్ పరీక్ష

శరీరానికి కావలసినంత కార్టిసాల్‌ను అడ్రినల్ గ్రంథులు తయారు చేయగలవో లేదో తేల్చే రక్తపరీక్ష టెట్రాకోసాక్టైడ్ పరీక్ష. పీయూష గ్రంథి స్రవించే ఏసీటీహెచ్‌కు కృత్రిమ రూపమైన టెట్రాకోసాక్టైడ్‌ను సూదిమందుగా ఇచ్చి, అరగంటకు, గంటకు రక్తంలో కార్టిసాల్ ఎంత పెరిగిందో కొలుస్తారు. సినాక్టెన్, కార్ట్రోసిన్ దీని వాణిజ్య నామాలు. ఒక్క మోతాదుగా ఇచ్చే ఈ మందు వల్ల హాని అరుదు. మందు రకం పొరబడినా, స్టెరాయిడ్ మాత్రలను రోగి సొంతంగా ఆపేసినా, పరీక్ష కోసం అత్యవసర చికిత్సను ఆలస్యం చేసినా మాత్రం ప్రాణం మీదికి రావచ్చు.

మందు స్వభావం

సహజ ఏసీటీహెచ్‌లో 39 అమైనో ఆమ్లాలు ఉంటాయి. అడ్రినల్ గ్రంథిని ఉత్తేజపరచడానికి వాటిలో మొదటి 24 చాలు. టెట్రాకోసాక్టైడ్‌లో ఉండేవి ఆ 24 మాత్రమే. జంతుజాతుల మధ్య తేడాలు చివరి భాగంలోనే ఉంటాయి. అది ఇందులో లేదు కనుక, పందుల పీయూష గ్రంథుల నుంచి తీసిన మందుతో పోలిస్తే దీనితో అలర్జీ తక్కువ. 1965లో బ్రిటన్ వైద్యులు ఈ సత్వర పరీక్షను లాన్సెట్ పత్రికలో వివరించారు.

ఎవరికి అవసరం

అడ్రినల్ గ్రంథే దెబ్బతినే ఆడిసన్ వ్యాధిని 1855లో థామస్ ఆడిసన్ వర్ణించాడు. భారతదేశంలో దీని ముఖ్య కారణాల్లో క్షయ ఒకటి. ప్రసవంలో తీవ్ర రక్తస్రావం జరిగినా, రక్తపింజర కాటు వేసినా పీయూష గ్రంథి దెబ్బతిని కార్టిసాల్ పడిపోవచ్చు. కీళ్లనొప్పులకో ఆయాసానికో నెలల తరబడి స్టెరాయిడ్లు వాడినవారిలో అడ్రినల్ గ్రంథులు మందగిస్తాయి. ఏ మందు పడిందో తెలియకుండా ఆర్‌ఎంపీల దగ్గర వేయించుకున్న ‘నొప్పుల సూది’లోనూ స్టెరాయిడ్ ఉండవచ్చు కనుక, అదీ వైద్యుడికి చెప్పవలసిన సంగతే.

పుట్టుకతో వచ్చే అడ్రినల్ హైపర్‌ప్లాసియా అనుమానం ఉన్నప్పుడు ఇదే సూదిమందు ఇచ్చి 17-హైడ్రాక్సీప్రొజెస్టెరాన్‌ను కొలుస్తారు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపభూయిష్టమైన జన్యువు అందితేనే వచ్చే జబ్బు ఇది. అందువల్ల మేనరికపు పెళ్లిళ్లు జరిగే కుటుంబాల్లో దీని ముప్పు ఎక్కువ.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు విస్తృతం. రక్తంలో పొటాషియం పెరగడం ఆడిసన్ వ్యాధిలోనూ, మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడూ కనిపిస్తుంది. కాబట్టి అక్కడి కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల రోగుల్లో పొటాషియం అంకె ఒక్కదాన్నే చూసి ఒక నిర్ణయానికి రాకూడదు. రక్తపోటు పడిపోవడం, బరువు తగ్గడం, చర్మం, చిగుళ్లు నల్లబడటం వంటి లక్షణాలను కూడా కలిపి చూడాలి.

పరీక్ష విధానం

సాధారణంగా ఉదయం వేళ చేస్తారు. పరగడుపున ఉండనవసరం లేదు. మొదట ఒక రక్తనమూనా తీసి, 250 మైక్రోగ్రాముల మందును నరానికో కండకో ఇస్తారు. 30 నిమిషాలకు, 60 నిమిషాలకు మళ్లీ నమూనాలు తీస్తారు. ప్రతి గొట్టం మీదా సమయం రాయాలి. గొట్టాలు తారుమారైతే పరీక్ష మొత్తం వృథా. రెండేళ్లలోపు పిల్లలకు సాధారణంగా 125 మైక్రోగ్రాములు చాలు. నవజాత శిశువులకు బరువును బట్టి మోతాదు లెక్కిస్తారు.

భద్రతా జాగ్రత్తలు

మందు రకం: పరీక్షకు వాడేది రంగులేని తేట ద్రావణం, లేదా కలుపుకునే పొడి. ఇదే మందులో నెమ్మదిగా పనిచేసే డిపో రకం పాలలా తెల్లగా ఉంటుంది. దాన్ని నరానికి ఎక్కించకూడదు. అందులో బెంజైల్ ఆల్కహాల్ ఉండటం వల్ల నవజాత శిశువులకు అసలే పనికిరాదు. టెట్రాకోసాక్టైడ్ సులభంగా దొరకని మన దేశంలో యాక్టన్ ప్రొలాంగేటమ్ అనే దీర్ఘకాలిక ఏసీటీహెచ్‌ను కండకు ఇచ్చి పరీక్ష చేసే పద్ధతీ ఉంది. దాని మోతాదును యూనిట్లలో లెక్కిస్తారు. మైక్రోగ్రాముల లెక్క దానికి వర్తించదు.

నిల్వ: టెట్రాకోసాక్టైడ్ ద్రావణాన్ని 2–8 డిగ్రీల సెల్సియస్ మధ్య, వెలుతురు తగలకుండా ఉంచాలి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్ల తర్వాత ఉత్తరాంధ్రలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు చల్లదనం తప్పిన మందు వాడితే, గ్రంథి బాగానే ఉన్నా స్పందన తక్కువగా కనిపించవచ్చు.

అలర్జీ: ఉబ్బసం, మందుల అలర్జీ ఉన్నవారిలో ముప్పు ఎక్కువ. ఈ మందుకు గతంలో అలర్జీ వచ్చినవారికి మళ్లీ ఇవ్వరాదు. సూది వేశాక కనీసం అరగంట కనిపెట్టుకుని ఉండాలి. అడ్రినలిన్, హైడ్రోకార్టిసోన్ చేతికి అందేలా ఉంచాలి.

వాడుతున్న మందులు: హైడ్రోకార్టిసోన్, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్లు రక్తంలో ఉంటే కార్టిసాల్ అంకె తప్పుగా ఎక్కువ చూపవచ్చు. అందుకే వైద్యుడు చెప్పిన మోతాదులను మాత్రమే, చెప్పినంతసేపే ఆపాలి. చివరి నమూనా ఇవ్వగానే మాత్ర వేసుకోవాలి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలూ కార్టిసాల్ అంకెను పెంచుతాయి.

అత్యవసర స్థితి: వాంతులు, స్పృహ తప్పడం, రక్తపోటు పడిపోవడం వంటి అడ్రినల్ సంక్షోభ లక్షణాలుంటే పరీక్ష కోసం ఆగకూడదు. వీలైతే రక్తనమూనా తీసిపెట్టుకుని, పెద్దవారికి వెంటనే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ సూదిమందు, సెలైన్ మొదలుపెట్టాలి. పరీక్ష తర్వాతైనా చేసుకోవచ్చు.

ఫలితాలు

కార్టిసాల్ డెసిలీటరుకు 18 మైక్రోగ్రాములు దాటితే గ్రంథి బాగున్నట్టని చాలాకాలం లెక్కించారు. కొత్త కొలత పద్ధతుల్లో 14–15 కూడా చాలు. అందుకే నివేదికను ఆ ప్రయోగశాల పద్ధతికి తగిన హద్దుతోనే పోల్చాలి. పీయూష గ్రంథి దెబ్బతిన్న తొలి వారాల్లో అడ్రినల్ ఇంకా కృశించదు కనుక ఫలితం సాధారణంగా వచ్చి తప్పుదారి పట్టించవచ్చు. ప్రసవం తర్వాతా, పాముకాటు తర్వాతా ఇది గుర్తుంచుకోవాలి.

ఉత్తరాంధ్రలో

శ్రీకాకుళం, విజయనగరం రెండు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలు, నెల్లిమర్లలో మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నాయి. విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రిలో హార్మోన్ల వ్యాధుల విభాగం ఉంది. ఇచ్ఛాపురం నుంచి విశాఖకు 200 కిలోమీటర్లకు పైనే ప్రయాణం. మాత్ర ఆపి బయలుదేరే రోగి తన మాత్రలను, మందుల చీటీని వెంట ఉంచుకోవాలి. తోడుగా ఒకరు రావాలి. దారిలో వాంతులైనా, కళ్లు తిరిగినా పరీక్ష సంగతి పక్కనపెట్టి దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాలి. స్టెరాయిడ్ వాడుతున్న విషయం అక్కడి వైద్యుడికి మొదటి మాటగా చెప్పాలి.