రెండుసార్లు కోతపడిన ఆట

బేస్‌బాల్‌లో క్యాచర్ మన వికెట్ కీపర్ లాంటివాడే. కాకపోతే బంతి బంతికీ గొంతుక్కూర్చోవాలి. ముఖానికి ఇనుప చట్రం, ఛాతీకి కవచం. ఏ బంతి వెయ్యాలో, బంతి విసిరే పిచర్‌కు వేళ్లతో సైగ చేసేదీ అతనే. మోకాళ్లను అరగదీసే ఆ పనిలోకి రాయ్ క్యాంపనెల్లా పదిహేనేళ్లకే దిగాడు.

1921లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. తండ్రి ఇటాలియన్ మూలాలవాడు, తల్లి నల్లజాతి స్త్రీ. నల్లవాళ్లను అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్ గడప తొక్కనివ్వని కాలమది. అందుకే 1937లో, నల్ల ఆటగాళ్ల కోసం నడిచిన నీగ్రో లీగ్ జట్టు ఎలైట్ జెయింట్స్‌లో చేరి, మహా క్యాచర్ బిజ్ మాకీ దగ్గర పని నేర్చాడు. ఎండాకాలం బస్సుల్లో ఊరూరా తిరిగి ఆడటం, చలికాలం వస్తే కరీబియన్ మైదానాలకు వెళ్లడం. చూస్తుండగానే ఏళ్లు గడిచిపోయాయి.

1946లో, ఆ అడ్డుగోడ కూలడం మొదలవుతుండగా, మేజర్ లీగ్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ అతణ్ని తీసుకుని నాషువాలోని తమ చిన్న జట్టుకు పంపింది. ఒక ఆటలో మేనేజర్ వాల్టర్ ఆల్స్టన్‌ను అంపైర్ బయటకు పంపేస్తే, ఆయన పగ్గాలు క్యాంపనెల్లాకే అప్పగించాడు. తెల్ల ఆటగాళ్లున్న జట్టును ఒక నల్లవాడు నడిపించాడు, గెలిపించాడు!

1948 ఏప్రిల్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టేనాటికి వయసు 26. ఆ తర్వాత 1951, 1953, 1955లలో లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అతనిదే. 1953లో 41 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. అతని విసురు ఇంకా గొప్పది: బేస్ దొంగిలించబోయిన వాళ్లను, అంటే బంతి కొట్టకముందే తర్వాతి బేస్‌కు పరుగెత్తబోయిన వాళ్లను, నూటికి 57 సార్లు అవుట్ చేశాడు. 1955లో యాంకీస్‌ను ఓడించి బ్రూక్లిన్ తన ఏకైక వరల్డ్ సిరీస్, అంటే ఆ ఏటి తుది పోరు, గెలిచింది.

1958 జనవరిలో మంచు రోడ్డు మీద అతను నడుపుతున్న కారు జారి స్తంభాన్ని గుద్దుకుంది. మెడ విరిగింది, భుజాల కింద శరీరం చచ్చుబడింది. జట్టు అప్పుడే లాస్ ఏంజిలిస్‌కు మారింది. అక్కడ అతను ఒక్క ఆటా ఆడలేదు. 1959 మే 7న అతని గౌరవార్థం జరిపిన ఆటకు 93,103 మంది వచ్చారు.

ప్రమాదమే అతని ఆటను ముగించిందంటారు. నిజమే. కానీ అంతకన్నా పెద్ద కోత ముందే పడింది. మంచి వయసును వర్ణవివక్ష మింగేసింది. డాడ్జర్స్ తరఫున కొట్టిన 242 హోమ్ రన్లూ 26 నిండాకే వచ్చాయి. అంతకుముందు ఆడిన నీగ్రో లీగ్‌ల లెక్కలను మేజర్ లీగ్ తన అధికారిక రికార్డుల్లో కలిపింది 2024లోనే.

1969లో అతనికి బేస్‌బాల్ దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. తర్వాత చాలా ఏళ్లు వీల్‌చైర్‌లోనే డాడ్జర్స్ శిక్షణ శిబిరానికి వచ్చి, కుర్ర క్యాచర్లకు పని నేర్పాడు.