పిల్లల్లో అడ్రినల్ జబ్బు: రోజూ మాత్ర, జ్వరం వస్తే ఎక్కువ డోసు

కిడ్నీల మీద టోపీల్లా ఉండే చిన్న గ్రంథులే అడ్రినల్ గ్రంథులు. సీఏహెచ్ (కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లాసియా) అనే జబ్బుతో పుట్టిన పిల్లల్లో ఇవి కార్టిసాల్ హార్మోన్‌ను సరిపడా తయారు చేయలేవు. చాలామందిలో ఒంట్లో ఉప్పును నిలిపే ఆల్డోస్టిరాన్ కూడా తగ్గిపోతుంది. హైదరాబాద్ సహా ఐదు నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షించిన ఐసీఎంఆర్ అధ్యయనంలో 5,762 మందికి ఒకరిలో ఇది కనిపించింది.

అమ్మానాన్నలిద్దరిలోనూ లోపమున్న జన్యువు ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాల్లో, దగ్గరి చుట్టాల పెళ్లిళ్లలో ఆ అవకాశం పెరుగుతుంది. కోడలిని తప్పుపట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి గానీ, ఇందులో తండ్రి వాటా కూడా అంతే.

ఆడపిల్లల్లో పుట్టుకతోనే జననాంగాల్లో తేడా కనిపించి అనుమానం వస్తుంది. మగపిల్లలు మామూలుగానే కనిపిస్తారు. రెండో మూడో వారంలో వాంతులు, పాలు తాగకపోవడం, బరువు తగ్గడం మొదలైతే ఆలస్యం చేయకూడదు.

చికిత్స జీవితాంతం. హైడ్రోకార్టిసోన్ మాత్ర రోజుకు మూడుసార్లు, ఉప్పు నిలవడానికి ఫ్లూడ్రోకార్టిసోన్, పసిపిల్లలకు కొంత ఉప్పు. డోసు తక్కువైతే ముందే యుక్తవయసు లక్షణాలు వస్తాయి, ఎక్కువైతే ఎదుగుదల ఆగుతుంది. అందుకే ఎత్తు, బరువు చూసి డాక్టరే మార్చాలి. సొంతంగా ఆపితే ప్రాణాపాయం.

అరకులోయ లాంటి చోట అసలు కష్టం జ్వరం రోజునే. ఏజెన్సీలో మలేరియా కొత్త కాదు, విశాఖ కేజీహెచ్ సుమారు 115 కిలోమీటర్లు, మధ్యలో ఘాట్ రోడ్డు. మామూలు బిడ్డ ఒంట్లో జ్వరానికి కార్టిసాల్ దానంతట అదే పెరుగుతుంది, ఈ బిడ్డలో పెరగదు. కాబట్టి జ్వరం 100.4 డిగ్రీలు దాటితే హైడ్రోకార్టిసోన్ రెట్టింపు, 102 దాటితే మూడింతలు ఇవ్వాలని సాధారణంగా చెబుతారు. మీ బిడ్డకు ఎంతో డాక్టరు చేత ముందే కాగితం మీద రాయించుకోండి. మాత్ర వేసిన అరగంటలో కక్కితే మళ్లీ వేయాలి. అదీ నిలవకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ కావాలి: చిన్నపిల్లలకు 25 మి.గ్రా., బడి ఈడు వాళ్లకు 50, పెద్దపిల్లలకు 100. తొడకు వేయడం ఇంట్లో ఒకరైనా నేర్చుకుని, తర్వాతే బండి ఎక్కించాలి. 108 కోసం చూస్తూ ఇంజెక్షన్ ఆపొద్దు.

రంజాన్‌లో రోజా ఉంటానని పెద్దపిల్లలు పట్టుబడితే ముందు డాక్టరును అడగాలి, రోగికి మినహాయింపు ఉండనే ఉంది. ఆశ్రమ పాఠశాలలో గానీ మదరసా హాస్టల్లో గానీ చేర్చేటప్పుడు మాత్రల వేళలు, ఇంజెక్షన్, ఆ డాక్టరు కాగితం నకలు వార్డెన్ చేతికే ఇవ్వండి.